చెరువు నీరు చెడకుండా ఎన్ని మీటర్ల హద్దు?
ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో చెరువులు, కుంటల చుట్టూ భూ వినియోగంపై అమల్లో ఉన్న నిబంధనలు

ఆదోని: కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో తాగునీటి ఎద్దడి కొత్తది కాదు. వర్షం తక్కువ, నల్లరేగడి నేలలు ఎక్కువ. ఏడాదిలో కొద్ది వారాలు కురిసే వానను పట్టి నిలిపే చెరువులు, కుంటలే పల్లెలకు ఆధారం. పట్టణాలకు తుంగభద్ర దిగువ కాలువ, దాని నీటితో నింపే వేసవి నిల్వ చెరువులే ప్రాణాధారం. ఆదోని పట్టణానికి బసాపురం, ఎమ్మిగనూరుకు గుడేకల్ ఎస్‌ఎస్ ట్యాంకులు అటువంటివే. 2011 జనగణన ప్రకారం ఆదోని జనాభా లక్షన్నరకు పైబడింది. ఎమ్మిగనూరు జనాభా దాదాపు 95 వేలు. ఇంతమంది దాహం తీర్చే నీటిని శుద్ధి కేంద్రం ఒక్కటే కాపాడలేదు. చెరువు గట్టున, వంక ఒడ్డున, కాలువ వెంట భూమిని ఎవరు ఏ పనికి వాడుకుంటున్నారన్న దానిపైనే నీటి నాణ్యత ఆధారపడి ఉంటుంది.

చెరువుకు ఎంత దూరంలో ఇల్లు కట్టవచ్చు? పట్టా ఉన్న చెరువు భూమిలో ప్లాట్లు వేయవచ్చా? చెత్తకుప్ప ఎంత దూరంలో ఉండాలి? ఫిర్యాదు ఎవరికి చేయాలి? ఈ ప్రశ్నలకు సమాధానాలు ఒకే చట్టంలో దొరకవు. రెవెన్యూ, పురపాలక, పంచాయతీరాజ్, జలవనరులు, కాలుష్య నియంత్రణ శాఖల నిబంధనల్లో అవి చెదిరి ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి చూస్తే పౌరులకు ఉన్న హక్కులు, నిబంధనల్లో ఉన్న వెలితి రెండూ తేటతెల్లమవుతాయి.

నీరు ఎలా చెడుతుంది?

చెరువులోకి మురుగు గొట్టం నేరుగా కలిస్తేనే కాలుష్యమన్న భావన చాలామందిలో ఉంది. వాస్తవానికి ఎక్కువ నష్టం కంటికి కనిపించని దారుల్లో జరుగుతుంది. తొలకరి వానకు పరీవాహక ప్రాంతంలోని మట్టి, పేడ, ఎరువులు, పురుగుమందుల అవశేషాలు వంకల గుండా చెరువులోకి చేరుతాయి. మట్టి రేణువులను అంటిపెట్టుకుని వచ్చే భాస్వరం నీటిలో నాచుకు ఆహారమవుతుంది. ఒక కిలో భాస్వరం వందల కిలోల పచ్చి నాచు పెరగడానికి సరిపోతుంది. ఆ నాచు కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. చేపలు చనిపోతాయి, నీరు వాసన వేస్తుంది. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు విషపదార్థాలనూ విడుదల చేస్తాయి.

పటిక, ఇసుక వడపోత, క్లోరిన్‌తో సాగే సాధారణ శుద్ధి ప్రక్రియ బురదను, సూక్ష్మక్రిములను తొలగిస్తుంది. నీటిలో కరిగిన నైట్రేటును మాత్రం తొలగించలేదు. పురుగుమందుల అవశేషాలనూ పూర్తిగా తీయలేదు. సేంద్రియ మలినాలు అధికంగా ఉన్న నీటికి క్లోరిన్ కలిపితే హానికరమైన ఉప ఉత్పన్నాలు ఏర్పడే ప్రమాదమూ ఉంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణం ఐఎస్ 10500 నిర్దేశిస్తోంది. అంతకు మించితే పసిపిల్లల రక్తంలో ప్రాణవాయువు సరఫరాకు ఆటంకం కలుగుతుంది. అందుకే నీటిని చెడిన తర్వాత శుద్ధి చేయడం కన్నా చెడకుండా భూమిపైనే అడ్డుకోవడం చౌక అని నిపుణులు చెబుతారు.

పూడిక సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1953లో పూర్తయిన తుంగభద్ర జలాశయం తొలినాటి నిల్వ సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. 2016 నాటి సర్వేలో అది 105.788 టీఎంసీలుగా తేలింది. ఎగువన కొట్టుకొచ్చిన మట్టే ఈ తేడాకు కారణం. పెద్ద జలాశయానికి జరిగిందే చిన్న చెరువుకూ జరుగుతుంది. పూడిక తీయించడం ఒక ఎత్తు, మళ్లీ పూడకుండా పరీవాహక ప్రాంతాన్ని కాపాడుకోవడం మరో ఎత్తు.

పూర్తి నీటిమట్టమే కొలబద్ద

చెరువు రక్షణ నిబంధనలన్నింటికీ మూలం ఎఫ్‌టీఎల్‌గా వ్యవహరించే పూర్తి నీటిమట్టం. చెరువు నిండి మరువ మీదుగా నీరు పొర్లడానికి సిద్ధంగా ఉన్నప్పుడు నీరు ఎంతమేర విస్తరిస్తుందో ఆ గీతే పూర్తి నీటిమట్టపు హద్దు. ఈ రోజు నీరు ఎక్కడిదాకా ఉందన్నది లెక్కలోకి రాదు.

కరవు పీడిత ప్రాంతాల్లో వివాదాలకు మూలం ఇక్కడే ఉంది. అయిదారేళ్లకొకసారి నిండే చెరువులో మధ్య ఏళ్లలో నీరు కుదించుకుపోతుంది. బయటపడిన భూమిలో మొదట పశువులు మేస్తాయి. తర్వాత జొన్న, శనగ పడుతుంది. ఆ తర్వాత కంచె లేస్తుంది. చివరకు ప్లాట్ల రాళ్లు వెలుస్తాయి. కొనుగోలుదారు వచ్చి చూసేసరికి అక్కడ చెరువు ఆనవాలే కనిపించదు. మంచి వాన పడిన ఏడాది ఇంట్లోకి నీరు వస్తే తప్ప తాము కొన్నది చెరువు గర్భమని తెలియదు. మరువను గండికొట్టి ఎత్తు తగ్గిస్తే పూర్తి నీటిమట్టమే కిందికి దిగిపోతుంది. కనుక మరువ ఎత్తును మార్చడం చెరువు హద్దును మార్చడంతో సమానం.

పూర్తి నీటిమట్టాన్ని జలవనరుల శాఖ, రెవెన్యూ శాఖ కొలిచి ధ్రువీకరించాలని భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. స్థిరాస్తి వ్యాపారి చూపించే నక్షాకు ఈ విషయంలో విలువ లేదు.

పాత రికార్డులే బలం

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబర్ 1 వరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిశాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి సర్వే రికార్డులే నేటికీ ఇక్కడి చెరువు హద్దులకు ఆధారం. రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, క్షేత్ర కొలతల పుస్తకం, గ్రామ నక్షాల్లో చెరువు పోరంబోకు, వంక పోరంబోకు, బాట పోరంబోకు అని వేర్వేరుగా నమోదై ఉంటాయి. మద్రాసు ప్రభుత్వం 1883లో ప్రారంభించిన చెరువుల పునరుద్ధరణ పథకం కింద ఒక్కొక్క చెరువుకు మెమాయిర్ పేరిట వివరాల పత్రం తయారైంది. కట్ట పొడవు, తూముల సంఖ్య, మరువ ఎత్తు, ఆయకట్టు వంటి సంగతులు అందులో ఉంటాయి. చెరువు మొదటి రూపం ఏమిటన్న వివాదం వచ్చినప్పుడు ఈ పత్రమే గట్టి సాక్ష్యం.

2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల సమగ్ర రీసర్వే ప్రారంభమైంది. సర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. కొత్త పటంలో చెరువు విస్తీర్ణం పాత రిజిస్టరులోని విస్తీర్ణంతో సరిపోతోందా లేదా అన్నది గ్రామస్థులు పోల్చి చూసుకోవడం అవసరం. తగ్గిన ఒక్కొక్క సెంటుకూ కారణం అడిగే హక్కు వారికి ఉంది.

ఎన్ని మీటర్లు వదలాలి?

ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వెలువడిన జీవో 168 భవన నిర్మాణ నిబంధనలు జలవనరుల చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలాన్ని స్పష్టంగా నిర్దేశించాయి. విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 మార్చి 28న జీవో 119 ద్వారా తెచ్చిన భవన నిర్మాణ నిబంధనలు కూడా ఈ విధానాన్నే అనుసరించాయి. వాటి సారాంశం ఇది.

- నది, వాగు గర్భంలోనూ, చెరువు, కుంటల పూర్తి నీటిమట్టం లోపలా ఎటువంటి నిర్మాణమూ చేపట్టరాదు.
- 10 హెక్టార్లు, అంటే సుమారు 24.7 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టపు హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి.
- 10 హెక్టార్ల కన్నా చిన్న చెరువు, కుంటకు 9 మీటర్లు వదలాలి.
- 10 మీటర్ల కన్నా వెడల్పయిన కాలువ, వాగు, వాననీటి కాలువ హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి.
- 10 మీటర్ల లోపు వెడల్పున్న వాగు, కాలువకు 2 మీటర్లు వదలాలి.
- నదికి పట్టణ పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు వదలాలి.

ఇలా వదిలిన స్థలాన్ని పచ్చని పట్టీగా, విహార స్థలంగా మాత్రమే వాడుకోవాలి. నిబంధనలకు ఎప్పటికప్పుడు సవరణలు వస్తుంటాయి కనుక స్థలం కొనేముందు, ప్లాను గీయించేముందు పురపాలక పట్టణ ప్రణాళిక విభాగంలో తాజా ఉత్తర్వులను సరిచూసుకోవాలి.

కొలతలో తేడా వస్తే ఎంత నష్టం?

10 హెక్టార్ల గీతకు అటూ ఇటూ ఉన్న తేడా చిన్నది కాదు. గుండ్రంగా ఉన్న 10 హెక్టార్ల చెరువును ఉదాహరణగా తీసుకుంటే దాని చుట్టుకొలత సుమారు 1,120 మీటర్లు. చుట్టూ 30 మీటర్లు వదిలితే పచ్చని పట్టీ దాదాపు 9 ఎకరాలవుతుంది. అదే చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లకు కాస్త తక్కువని నమోదయితే వదలాల్సింది 9 మీటర్లే. అప్పుడు పట్టీ రెండున్నర ఎకరాలకు పడిపోతుంది. విస్తీర్ణంలో కొద్ది సెంట్ల తేడాతో ఆరున్నర ఎకరాల భూమి నిర్మాణాలకు తెరుచుకుంటుందన్న మాట. పట్టణ శివారు చెరువుల కొలతలను ప్రజల సమక్షంలో తీసి, హద్దు రాళ్లు నాటాలని కోరడానికి ఇదే ప్రధాన కారణం.

పచ్చని పట్టీ అలంకారం కోసం కాదు. గడ్డి, పొదలు, చెట్లు పరుచుకున్న నేలలో వాన నీటి వేగం తగ్గుతుంది. మట్టి అక్కడే దిగబడుతుంది. ఎరువుల అవశేషాలను వేర్లు పీల్చుకుంటాయి. అదే స్థలంలో సిమెంటు పోసినా, మట్టి తోలి చదును చేసినా ఆ మేలు పూర్తిగా పోతుంది.

పట్టా ఉంటే కట్టుకోవచ్చా?

చెరువు గర్భంలోనూ, ముంపు అంచునా ఉన్న ప్రభుత్వ భూమిని పంపిణీ చేయరాదని రెవెన్యూ శాఖ బోర్డు స్టాండింగ్ ఆర్డరు 15 నిషేధిస్తోంది. ఆక్రమణ జరిగితే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు సెక్షన్ 7 నోటీసు ఇచ్చి, సమాధానం విని, సెక్షన్ 6 కింద ఖాళీ చేయించవచ్చు. ప్రభుత్వ భూములను రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22ఏ కింద నిషేధిత జాబితాలో చేరుస్తారు. ఆ జాబితాలో ఉన్న సర్వే నంబరుకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు నమోదు కాదు.

కొన్నిచోట్ల ముంపు పరిధిలో పూర్వకాలం నుంచి ప్రైవేటు పట్టా భూములూ ఉన్నాయి. నీరు తగ్గినప్పుడు ఆరుతడి పంట వేసుకోవడం ఆనవాయితీ. అయితే యాజమాన్య హక్కు వేరు, వినియోగ అనుమతి వేరు. పట్టా ఉన్నంత మాత్రాన పూర్తి నీటిమట్టం లోపల ఇల్లు కట్టడానికి, ప్లాట్లు వేయడానికి అనుమతి లభించదు. లేఅవుట్లకు 2017 జులైలో వచ్చిన జీవో 275 భూ అభివృద్ధి నిబంధనలు వర్తించాయి. అనుమతి పొందిన లేఅవుట్ అయితే దానికి ఎల్‌పీ నంబరు ఉంటుంది. నంబరు చూపించలేని ప్లాటు కొనడం అంటే నీటిలో గీత గీసినట్లే.

సుప్రీంకోర్టు ఏమంది?

చెరువులు, కుంటలు సమాజపు ఉమ్మడి సంపద అని, అవి పర్యావరణ సమతుల్యతకు అవసరమని హించ్‌లాల్ తివారీ కేసులో 2001 జులైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో మరో అడుగు ముందుకేసింది. గ్రామ ఉమ్మడి భూముల్లోని ఆక్రమణలను తొలగించేందుకు పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చాలాకాలంగా ఆక్రమణలో ఉన్నారన్న కారణం, భారీగా ఖర్చు పెట్టి కట్టారన్న కారణం క్రమబద్ధీకరణకు సాకు కారాదని పేర్కొంది. ఆ తీర్పు దరిమిలా ఉమ్మడి రాష్ట్రంలో అదే ఏడాది జులై 21న జీవో 188 ద్వారా గ్రామ పంచాయతీ భూముల రక్షణ నిబంధనలు వచ్చాయి. పంచాయతీ తన ఆస్తుల జాబితా తయారుచేసి కాపాడుకోవాల్సిన బాధ్యతను ఆ నిబంధనలు గుర్తుచేశాయి.

వాల్టాలో ఉన్న అస్త్రం

2002లో అమల్లోకి వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం వాల్టాగా ప్రసిద్ధి. బోర్ల తవ్వకానికి అనుమతి, ఇసుక తవ్వకం, చెట్ల నరికివేత సందర్భాల్లోనే దీని పేరు వినిపిస్తుంది. చెరువుల రక్షణకు ఇందులో ప్రత్యేక అధికారం ఉన్న సంగతి చాలామందికి తెలియదు. చెరువులు, కుంటలు, చిన్ననీటి వనరులను వాటికి నీరు తెచ్చే వంకలతో సహా వారసత్వ వనరులుగా, పరిరక్షణ ప్రాంతాలుగా ప్రకటించే వీలును ఈ చట్టం కల్పించింది. అలా ప్రకటించిన చెరువును అనుమతి లేకుండా మరో అవసరానికి మార్చకూడదు. మెమాయిర్లను అనుసరించి హద్దులను శాశ్వతంగా గుర్తించాలి. వ్యర్థాల పారబోతను నిషేధించవచ్చు.

ఇందులో కీలకమైన మాట వంకలతో సహా అన్నది. చెరువును కాపాడి, చెరువుకు నీరు తెచ్చే వంకను పూడ్చేస్తే మిగిలేది ఎండిన గుంటే. వంకను మురుగు కాలువగా మార్చితే మిగిలేది మురికి గుంటే.

చెత్త, మురుగుకు దూరాలు

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెత్తను పూడ్చే స్థలం చెరువుకు, తాగునీటి బావులకు 200 మీటర్లు, నదికి 100 మీటర్ల దూరంలో ఉండాలని నిర్దేశించాయి. మరుగుదొడ్డి నీరు ఇంకే గుంట తాగునీటి బావికి 18 మీటర్ల కన్నా దగ్గరగా ఉండరాదని ఐఎస్ 2470 ప్రమాణం చెబుతోంది. సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే వాహనాలు మలవ్యర్థాన్ని వంకలో వదలడం కూడా నేరమే. కాలుష్య కారకాలను జలవనరుల్లోకి వదలడాన్ని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం సెక్షన్ 24 నిషేధిస్తోంది.

ఆదోనిలో పత్తి జిన్నింగ్, నూనె మిల్లులు, ఎమ్మిగనూరులో చేనేత పరిశ్రమ పేరెన్నికగన్నవి. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో ఎమ్మిగనూరు ఖ్యాతి దేశమంతటా పాకింది. నూలు, వస్త్రాలకు రంగులద్దే పని ఎక్కడ జరిగినా అద్దకం నీటిని శుద్ధి చేయకుండా భూమిలోకి, వంకలోకి వదలరాదు. రంగు నీరు సూర్యరశ్మిని లోపలికి పోనివ్వదు. అందులోని లవణాలు సాధారణ శుద్ధికి లొంగవు. చేనేతకు నీడనిచ్చే ఊరు నీటినీ కాపాడుకోవాలంటే చిన్న అద్దకం యూనిట్లన్నిటికీ కలిపి ఉమ్మడి శుద్ధి ఏర్పాటు ఉండటం మేలు.

వినాయక నిమజ్జనాల విషయంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మేలో సవరించిన మార్గదర్శకాలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను నిషేధించాయి. తాగునీటి చెరువుల్లో కాకుండా ప్రత్యేకంగా ఏర్పాటుచేసిన కుంటల్లో నిమజ్జనం చేయాలని, పూలు, వస్త్రాలను ముందుగానే వేరుచేయాలని సూచించాయి.

నీటికీ తరగతులున్నాయి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఉపరితల జలాలను ఉపయోగాన్ని బట్టి అయిదు తరగతులుగా విభజించింది.

- ఏ తరగతి: క్రిమిసంహారం మాత్రమే చేసి తాగదగిన నీరు. 100 మిల్లీలీటర్లలో కోలిఫాం 50 మించరాదు. కరిగిన ప్రాణవాయువు లీటరుకు 6 మిల్లీగ్రాములకు తగ్గరాదు. బీఓడీ 2 మించరాదు.
- బీ తరగతి: స్నానయోగ్యమైన నీరు. కోలిఫాం 500, ప్రాణవాయువు 5, బీఓడీ 3.
- సీ తరగతి: సాధారణ శుద్ధి తర్వాత తాగదగిన నీరు. కోలిఫాం 5,000, ప్రాణవాయువు 4, బీఓడీ 3.
- డీ తరగతి: చేపలు, వన్యప్రాణులకు తగినది. ప్రాణవాయువు 4కు తగ్గరాదు.
- ఈ తరగతి: సాగునీటికి, పరిశ్రమల్లో శీతలీకరణకు తగినది.

పట్టణాలకు నీరిచ్చే చెరువు కనీసం సీ తరగతిలో ఉండాలి. పరీక్షా ఫలితాలను సమాచార హక్కు చట్టం కింద కోరి, ఈ పట్టికతో పోల్చుకుంటే సామాన్యుడికి సైతం పరిస్థితి అర్థమవుతుంది. ఒకే పరీక్షతో తేల్చకూడదు. తొలకరి తర్వాత ఒకటి, నడివేసవిలో నీరు అడుగంటినప్పుడు మరొకటి చూడాలి.

ఎస్‌ఎస్ ట్యాంకుల సమస్య వేరు

పల్లె చెరువుకు నీరు చుట్టుపక్కల భూమి నుంచి వస్తుంది. వేసవి నిల్వ చెరువుకు కాలువ నుంచి వస్తుంది. ఈ తేడాను నిబంధనలు తగినంతగా పట్టించుకోలేదు. తుంగభద్ర దిగువ కాలువ కర్ణాటకలోని బళ్లారి ప్రాంతాన్ని దాటి హాళహర్వి, హొళగుంద, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల మీదుగా సాగుతుంది. జిల్లాకు ఈ కాలువ కింద 24 టీఎంసీల కేటాయింపు, 1.51 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నాయి. ఇంత పొడవునా కాలువ బహిరంగమే. పశువుల కడుగుడు, బట్టల ఉతుకుడు, పొలాల నుంచి తిరిగి వచ్చే నీరు, ఊళ్ల మురుగు ఏది కలిసినా చివరకు చేరేది తాగునీటి ట్యాంకుకే. ట్యాంకు కట్ట చుట్టూ 30 మీటర్లు వదిలినంత మాత్రాన ఈ ముప్పు తొలగదు. కాలువ వెంట 9 మీటర్ల నిబంధనను ఊళ్ల దగ్గర కచ్చితంగా అమలుచేయడమే ఇక్కడ అసలైన రక్షణ.

కాలువపై ఇంతగా ఆధారపడటంలో ఉన్న ప్రమాదం 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు అందరికీ తెలిసివచ్చింది. కాలువ తడబడినప్పుడు ఊరిని ఆదుకునేది ఊరి చెరువే. ఆదోనిలో కొండల చెంతనున్న రామజల వంటి పాత వనరులను శుభ్రంగా ఉంచుకోవాలనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

మరో వెలితి కూడా ఉంది. కేంద్రం 2017 సెప్టెంబరులో తెచ్చిన చిత్తడి నేలల పరిరక్షణ నిబంధనలు తాగునీటి కోసం, సాగునీటి కోసం మానవులు నిర్మించిన జలవనరులను తమ పరిధి నుంచి మినహాయించాయి. రాయలసీమలో దాదాపు ప్రతి చెరువూ కట్ట కట్టి నిర్మించుకున్నదే. అంటే జాతీయ స్థాయి రక్షణ ఈ చెరువులకు అందదు. రాష్ట్ర చట్టాలు, స్థానిక సంస్థల తీర్మానాలే దిక్కు.

జంట జలాశయాల పాఠం

తెలుగు నేలపై నీటి నాణ్యత కోసం భూ వినియోగాన్ని విస్తృతంగా కట్టడి చేసిన ఉదాహరణ హైదరాబాద్ జంట జలాశయాలు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలను నిషేధిస్తూ 1996 మార్చి 8న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 111 జారీచేసింది. 84 గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. కొత్త లేఅవుట్లలో 60 శాతం స్థలం రహదారులకు, ఖాళీ ప్రదేశాలకు వదలాలని, మొత్తం ప్రాంతంలో 90 శాతం వ్యవసాయం తదితర హరిత వినియోగంలోనే ఉండాలని నిర్దేశించింది.

ఆ పరిధిలో ఒక పరిశ్రమకు ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు కేసులో 1999 జనవరి, 2000 డిసెంబరు తీర్పులు వెలువడ్డాయి. నష్టం జరుగుతుందని శాస్త్రీయంగా పూర్తిగా రుజువయ్యేదాకా ఆగనక్కరలేదు, ముప్పు సంభావ్యత ఉంటే ముందుగానే అడ్డుకోవాలన్న ముందుజాగ్రత్త సూత్రాన్ని న్యాయస్థానం ఆధారం చేసుకుంది. తాగునీటి వనరును పణంగా పెట్టే మినహాయింపు చెల్లదని తేల్చింది. 2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం జీవో 69 ద్వారా ఆ 84 గ్రామాలపై ఆంక్షలను తొలగించింది. జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతు మాత్రం పెట్టింది. ఒక జీవో ఇచ్చిన రక్షణను మరో జీవో తీసివేయగలదన్నది దీనివల్ల తేలిన సంగతి.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 1971లో తెచ్చిన చట్టం ప్రకారం 10 ఎకరాలు దాటిన సహజ సరస్సుల ఒడ్డు నుంచి 250 అడుగుల వరకు భూ వినియోగం స్థానిక పురపాలికల నియంత్రణలో ఉంటుంది. ఇల్లు కట్టడంతోపాటు చెట్లు నరకడం, మట్టి తవ్వడం కూడా ఆ నియమాల కిందికి వస్తాయి. మన నిబంధనలు ప్రధానంగా కట్టడాలనే చూస్తున్నాయి. గట్టు వెంట జరిగే మట్టి తవ్వకం, పెంటకుప్పలు, పురుగుమందు డబ్బాల కడుగుడు వాటి చూపుకు అందవు. గ్రామసభ, పురపాలక మండలి తీర్మానాలతో ఈ ఖాళీని కొంతమేర పూరించుకోవచ్చు.

రైతుల సందేహం

చెరువు రక్షణ పేరిట తమ పొలాలకు ఎసరు పెడతారన్న భయం గట్టుకు ఆనుకుని ఉన్న రైతుల్లో ఉంది. ఆ భయం నిర్హేతుకమని కొట్టివేయలేం. ఎకరా, అరెకరా ఉన్న రైతుకు 30 మీటర్లంటే చేనులో పెద్ద భాగమే. అయితే భవన నిబంధనలు ఆపేది నిర్మాణాన్ని, సాగును కాదు. పట్టీలో గడ్డి, పశుగ్రాసం, సీతాఫలం, కానుగ వంటివి పెంచుకుంటే ఆదాయమూ పోదు, మట్టీ కొట్టుకురాదు. వాలుకు అడ్డంగా దున్నడం, పొలం గట్లు నిలబెట్టడం, వాన ముందు ఎరువు చల్లకపోవడం, పురుగుమందు డబ్బాలను చెరువులో కడగకపోవడం ఖర్చులేని పనులు. నిబంధన మొదట చిన్న రైతుపై కాకుండా శివారు వెంచర్లపై అమలయితేనే జనంలో నమ్మకం కుదురుతుంది.

ఎవరిని ఆశ్రయించాలి?

చెరువు హద్దు, ఆక్రమణ సంగతి తహసీల్దారు, ఆదోని రెవెన్యూ డివిజన్ కార్యాలయం చూస్తాయి. పూర్తి నీటిమట్టం ధ్రువీకరణ జలవనరుల శాఖది. పట్టణ పరిధిలో నిర్మాణాలు పురపాలక పట్టణ ప్రణాళిక విభాగానివి. పల్లెలో పంచాయతీ కార్యదర్శిని, గ్రామ సర్వేయరును మొదట కలవాలి. మురుగు, రసాయనాల ఫిర్యాదు కాలుష్య నియంత్రణ మండలికి చేయాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవాలి.

ఫిర్యాదు మాటలతో కాకుండా కాగితాలతో ఉండాలి. సర్వే నంబరు, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు నకలు, గ్రామ నక్షా, తేదీతో కూడిన ఫొటోలు జతచేస్తే దానిని పక్కన పెట్టడం ఎవరికీ తేలిక కాదు. అక్కడా న్యాయం జరగకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనాన్ని ఆశ్రయించవచ్చు. వివాద కారణం తలెత్తిన 6 నెలల్లోగా దరఖాస్తు చేయాలని 2010 నాటి ట్రైబ్యునల్ చట్టం సెక్షన్ 14 చెబుతోంది. నష్టపరిహారం, పర్యావరణ పునరుద్ధరణ కోరేందుకు 5 ఏళ్ల గడువు ఉంది.

స్థలం కొనేవారు ముందుగా చూడాల్సినవి

- సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా?
- పాత రిజిస్టరులో చెరువు, వంక, కుంట పోరంబోకుగా ఉందా?
- పూర్తి నీటిమట్టపు హద్దు నుంచి దూరం ఎంత? ధ్రువపత్రం ఉందా?
- లేఅవుట్‌కు ఎల్‌పీ నంబరు ఉందా?
- వాన నీరు వెళ్లే దారి ఏది? ఊరి పెద్దలు ఏమంటున్నారు?

చివరి ప్రశ్నకు కాగితం అవసరం లేదు. నీరు ఎటు పారుతుందో ఊళ్లో వయసు పైబడిన రైతును అడిగితే చెబుతాడు. హద్దు రాయి ఒకసారి నాటితే తరతరాలకు నిలుస్తుంది. ఆ రాయి పడేదాకా నిబంధన కాగితానికే పరిమితం. ఈ వేసవిలో చెరువులు అడుగంటిన సమయమే కొలతలు తీయించడానికి, రాళ్లు నాటించడానికి అనువైన అదను.